మూత తీయకుండా చెప్పిన వెల

ఈ మధ్య మా ఇంటికి వచ్చే కుర్రాళ్లలో సగంమంది వాచీ తీసుకురారు, ఫోన్‌లో ఫోటో తెస్తారు. "తాతగారూ, మా తాత వాచీ ఇది, ఎంత చేస్తాదో సెప్పండి" అంటారు. ఫోటో చూసి ఖరీదు కట్టడానికి నేనేమైనా పెళ్లిళ్ల పేరయ్యనా అని విసుక్కుంటాను. వాళ్లు నవ్వేసి, పాత వాచీలు లక్షలు పలుకుతున్నాయని ఊదరగొట్టే వీడియో ఒకటి నా ముఖానికి ఎదురుగా పెడతారు. ఆ వీడియోలో మాట్లాడేవాడి చేతికి వాచీయే ఉండదు. అది వేరే సంగతి.

వాచీ తెండి, మూత తీసి చూసి చెప్తానంటే కొందరికి కోపం వస్తుంది. పైకి చూసి చెప్పలేనివాడు నలభై ఏళ్లు ఏం రిపేర్లు చేశాడో అనుకుంటారు కాబోలు. పైకి చూసి చెప్పినవాణ్ణే నేను, ఒకసారి. చెప్పి, ఒక ఆడకూతురి ఆశను లక్ష రూపాయల ఎత్తుకు ఎక్కించి, మళ్లీ నా నోటితోనే దించాల్సి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల వాచీ ఏదైనా అమ్మాలనుకునే మీబోటివాళ్లకు పనికొస్తుందని ఈ సంగతి రాస్తున్నాను. నాకు పరువు తెచ్చే సంగతి మాత్రం కాదు.

నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దగ్గర నాకు వాచీ రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక అద్దాల పెట్టె, రెండు బల్లలు. ఒక బల్ల నాది, రెండోది నా జతగాడిది. చేతి వాచీలు నావి, గోడ గడియారాలూ అలారాలూ అతనివి. ముప్ఫై ఏళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం. రోజుకు ఒక్కసారైనా పోట్లాడుకోకపోతే మా ఇద్దరికీ అన్నం అరిగేది కాదు. మా పనిలో సగాన్ని బ్యాటరీ వాచీలు తినేస్తే, మిగతా సగాన్ని ఫోన్లు తినేశాయి. వేళ్లు వణకడం మొదలయ్యాక నేను కొట్టు ఖాళీ చేసి ఇంట్లో కూర్చున్నాను. జతగాడు మాత్రం ఆ పక్కనే ఒక పుస్తకాల కొట్టు అరుగు మీద బల్ల వేసుకుని, బెల్టులు మారుస్తూ బ్యాటరీలు వేస్తూ ఇప్పటికీ కూర్చుంటాడు. "ఇంటికాడ కూకుంటే మా ఆవిడ గంటకోసారి ఏదో పని సెప్తాది. ఈడయితే గంటకోసారి టీ వొస్తాది" అంటాడు.

నేను పని నేర్చుకున్నది పాయకరావుపేటలో. మా గురువు నోరు మంచిది కాదు గానీ చెయ్యి బంగారం. ఆయన రెండు సంగతులు నా నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. వెనక మూత తీసి చూడకుండా ఏ వాచీ గురించీ ఒక్క మాట అనకూడదన్నది మొదటిది. పని చేశాక ఆ మూత లోపలివైపు సూదిమొనతో గుర్తు గీయాలన్నది రెండోది. ఈ గుర్తుల సంగతి మీకు తెలిసి ఉండదు. ఏ నెలలో, ఏ ఏడాదిలో, ఏం పని చేశామో కంటికి ఆనీ ఆనకుండా గీస్తాం. బయటివాళ్లు చూసినా ఏవో గీతలనుకుంటారు. ఒక్కో గురువు శిష్యులకు ఒక్కో రకం గుర్తులు. మా వాళ్లకు చిన్న గీత అంటే నూనె వేసి శుభ్రం చేశామని, అడ్డగీతల కత్తెర అంటే స్ప్రింగు మార్చామని, సున్నా అంటే డయల్ మీద చెయ్యి పడిందని. "పని సేసినోడు గుర్తెట్టకపోతే అది దొంగపనిరా" అనేవాడు మా గురువు. రెండో మాట నేను ఏనాడూ తప్పలేదు. మొదటి మాట తప్పిన కథే ఇది.

మూడేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, బలిఘట్టం నుంచి ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. బట్టలు కుడుతుంది. కొలతల టేపు మెడలోనే ఉంది, తీయడం మరిచిపోయి బస్సెక్కినట్టుంది. ఆమె తండ్రి హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందటే పోయాడని చెప్పింది. ఆయన్ని నేనెరుగుదును. ఊళ్లో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ.

కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి ఒక చేతిరుమాలు తీసి, దాని ముడి విప్పింది. లోపల వాచీ.

"బాబాయిగారూ, మా నాన్న నాకిచ్చింది ఇదొక్కటేనండి. ఇల్లూ, మాకవరపాలెం కాడ జీడితోటా అన్నయ్యకిచ్చేరు. అన్నయ్య మంచోడే, ఏటీ అనలేదు. కానీ వొదినోల్ల అమ్మ పదో రోజునే అనీసింది, కొడుక్కి తోట, కూతురికి టిక్కుటిక్కు అని. అందరూ నవ్వేరు. నానూ నవ్వేను. మరేటి సేస్తాను."

ఆమే మళ్లీ అందుకుంది.

"ఒక ప్రైవేటు స్కూలోల్లు యూనిఫారాలు కుట్టమంటన్నారండి. జూన్ లోపల ఇచ్చీయాలి. నా కాలిమిసను మీద అవ్వదు. రెండు కరెంటు మిసన్లు కొంటే అవుతాది. ఇది అమ్మీసి కొందావని. విశాపట్నంలో ఒకాయన ఫోటో సూసి అడుగుతున్నారు. తక్కువ సెప్తే నాను మోసపోతాను. ఎక్కువ సెప్తే ఆయన ఎల్లిపోతారు. నాయంగా ఎంతో మీరు సెప్పండి."

"సూద్దాం" అంటూ చెయ్యి చాపాను. ఆమె వెంటనే ఇవ్వలేదు.

"డబ్బు కోసమే కాదు బాబాయిగారూ. నాన్న నాకు ఎంతిచ్చేరో నాకు తెలియాల."

అప్పుడిచ్చింది. అది కీ ఇచ్చే స్విస్ వాచీ. పక్కన రెండు బటన్లు, డయల్ లోపల మళ్లీ రెండు చిన్న డయళ్లు. అలాంటివి మా వైపు ఎవరి చేతికీ ఉండేవి కావు. ఓడలో పనిచేసిన తన మేనమామ హెడ్మాస్టరు గారికి ఇచ్చాడట. భూతద్దం కంటికి బిగించి చూశాను. కేసు మీద సన్నని గీతలున్నాయి, ఆ వయసుకు ఉండాల్సినవే. డయల్ మాత్రం తెల్లగా, నల్లని అంకెలు పొద్దున్నే అచ్చేసినట్టుగా ఉన్నాయి.

ఎనభై దాటిన ముసలమ్మకు పళ్లన్నీ తళతళలాడుతుంటే అవి కట్టుడుపళ్లని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న నాకు ఆ అనుమానం రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మూత తీసే పరికరం జతగాడి బల్ల దగ్గర ఉండిపోయింది, మిట్టమధ్యాహ్నం అంతదూరం ఎవరు వెళ్తారన్న బద్ధకం ఒకటి. అసలు కారణం అది కాదు. కొట్టు మూశాక నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. ఇంట్లో గోడ గడియారం ఆగిపోయినా మా కోడలు కొత్తది తెచ్చిందే గాని నన్ను చూడమనలేదు. అలాంటి రోజుల్లో ఒకామె నా గుమ్మంలోకి వచ్చి, మీ మాటే నమ్ముతానని కూర్చుంది. నాకు గొప్పగా అనిపించింది.

"డయల్ ఒరిజినలే. ఇంత శుభ్రంగా దొరకడం కష్టం. లక్షకి తగ్గకు. లక్షా ఇరవై అడుగు" అన్నాను.

ఆమె ముఖం ఎలా వెలిగిందో నేను రాయలేను. టిక్కుటిక్కు అన్నవాళ్లందరికీ ఒక్కసారిగా సమాధానం దొరికినట్టుంది. కాఫీ తాగకుండానే లేచిపోయింది. ఆ సాయంత్రమే మిషన్ల కొట్టువాడికి రెండు మిషన్లకూ మాటిచ్చింది. స్కూలువాళ్లకు సరే అంది. ఇంటికి వెళ్లి వదినకు ఫోన్ చేసి, నాన్న వాచీ లక్షకు పైనే అని చెప్పింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

వారం తిరక్కుండానే, ఒక ఆదివారం పొద్దున, విశాఖపట్నం ఆయన కారులో వచ్చాడు. మూత తీసి చూస్తానని ముందే చెప్పాడు కాబట్టి అందరం జతగాడి బల్ల దగ్గర కలుసుకున్నాం. ఆయన ఏదో కంపెనీలో ఉద్యోగి, యాభై లోపు మనిషి, మాట మెత్తన. సొంత భూతద్దం, మెత్తని గుడ్డ వెంట తెచ్చుకున్నాడు.

"నేను కొని అమ్మేవాణ్ణి కాదండీ, దాచుకునేవాణ్ణి" అన్నాడు నాతో. "అందుకే నాకు ఓపిక ఎక్కువ."

వాచీని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డ మీద పెట్టి, "డయల్ బాగుంది. మరీ బాగుంది. అదే నా అనుమానం" అన్నాడు. "ఈ ఊళ్లో వాచీల విషయంలో మీ మాటకు విలువ ఉందని అడిగి తెలుసుకున్నాను. ఇది కంపెనీ డయలేనా? మీరు అవునంటే లక్షా పది ఇప్పుడే పంపించేస్తాను."

ఆమె నా వైపు చూసింది. అవునని అనడమే తరువాయి. కానీ మా గురువు అక్కడెక్కడో నిలబడి నా నెత్తిన మొట్టినట్టయింది. ముందు మూత తీద్దామన్నాను. జతగాడు పరికరం అందించాడు. వాచీని అతనే పట్టుకున్నాడు. మూత ఊడి వచ్చింది. వెలుగులోకి పెట్టి లోపలివైపు చూశాను.

నాలుగైదు చేతుల గుర్తులున్నాయి. ఏ రేవులో ఎవరు గీశారో తెలియదు. వాటన్నిటి కింద, అంచు దగ్గర, నాది. నా గీత నాకు తెలియకపోవడమేమిటి? నెల, ఏడాది. పక్కన సున్నా.

నాకు ముందు భయం వేసింది. ఆ వెంటనే సిగ్గు వేసింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఈ డయల్ ఊడదీసి, మద్రాసు పంపించి, పాత రంగు గీకించి కొత్త రంగు వేయించి తెప్పించినవాణ్ణి నేనే. వారం కిందట నేను మెచ్చుకున్నది నేను చేయించిన పనినే. వేల వాచీలు చేతుల మీదుగా పోయాక ఇది నాకు గుర్తే లేకుండా పోయింది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆ రోజుల్లో అది తప్పని మేమెవరం అనుకోలేదు. పాతది కొత్తదిలా చేసి చేతిలో పెట్టడమే పనితనం అనుకునేవాళ్లం. ఇవాళ దాచుకునేవాళ్లకు కావలసింది కంపెనీ వేసిన మొదటి రంగు. వెలిసిపోయినా సరే, మరకలు పడినా సరే. మనకు మరక, వాళ్లకు రుజువు. మళ్లీ రంగు వేశారని తెలిస్తే సగానికి సగం పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి కూడా. అందుకే అమ్మే ముందు మెరుగు పెట్టించకండి, రంగు వేయించకండి, దుమ్ము కూడా మెత్తటి గుడ్డతోనే తుడవండి అని ఇప్పుడు వచ్చినవాళ్లకల్లా మొత్తుకుంటున్నాను. ఎవరైనా ఆ మాట నాకు ఆ రోజుల్లోనే చెప్పి ఉంటే బాగుండేది.

"ఆ గీతలేమిటండీ?" అని అడిగాడు కొనే ఆయన, నా భుజం మీదుగా చూస్తూ.

"పాత మెకానిక్కులు గీసినవండి. ఒక్క టీ తాగి సెప్తాను" అన్నాను.

అరుగు దిగి టీ కొట్టు దగ్గరికి నడిచాను. జతగాడు వెనకే వచ్చాడు. ప్రపంచంలో ఆ గుర్తులు చదవగలవాళ్లు ఇంకెవరైనా మిగిలి ఉంటే అది అతనే. వేరే గురువు శిష్యుడైనా ముప్ఫై ఏళ్లు నా ఎదురుగా కూర్చున్నవాడు.

"నీ సున్నాయే కదా" అన్నాడు.

"ఆఁ."

"నోరు మూసీ. ఆయన కారేసుకుని వొచ్చేడు, ఆయనకేటి తక్కువ. ఈ పిల్ల మిసన్లకి మాటిచ్చీసింది. ఇప్పుడు నిజం సెప్పీసి నువ్వు ఏ కిరీటం ఎట్టుకుంటావు?"

"రేపు ఆయన ఇంకెవరి సేతనైనా మూత ఇప్పిస్తే?"

"ఇప్పించనీ. ఆ గీతలు సదివీవోళ్లం ఇద్దరవే మిగిలేం. నాను సెప్పను. నువ్వు సెప్పకు."

నిజం ఒప్పుకోవాలి. ఆ మాట నాకు నచ్చింది. ఒక గ్లాసు టీ అయ్యేంతసేపు నేను అబద్ధానికి సిద్ధంగానే ఉన్నాను. తప్పు చేసింది నేను, నష్టం ఆమెకెందుకు రావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా. చూడండి, తప్పు కప్పుకోవడానికి మనిషికి ఎప్పుడూ ఒక దయగల కారణం దొరుకుతుంది.

అరుగు మీద ఆమె టేపు చివర వేలికి చుట్టుకుంటూ మా వైపే చూస్తోంది. న్యాయంగా ఎంతో చెప్పండి అని అడిగింది. ఎక్కువ చెప్పండి అనలేదు. పైగా వాచీ ఆమెది. అమ్మేది ఆమె. నేను అబద్ధమాడితే ఆమె పేరు మీద ఆడినట్టు. ఆమెకు తెలియకుండా ఆయనకు నిజం చెప్పేసినా ఆమె సరుకును నేను తగ్గించినట్టే. ముందు తెలియాల్సింది ఆమెకు. గ్లాసు పెట్టేసి, కొట్టు పక్క సందులోకి ఆమెను పిలిచాను.

"ఎల్లు, సెప్పు. సెప్పి తిట్లు తిను" అన్నాడు జతగాడు వెనకనుంచి.

చెప్పాను. డయల్ కంపెనీది కాదని, మళ్లీ రంగు వేసిందని, ధర సగానికి పడిపోతుందని చెప్పాను.

"రంగెవులేసేరండి?"

"నానే ఏయించేనమ్మా."

"మరి మొన్న బాగుందన్నారు కదా. మూత తియ్యలేదేటి?"

"తియ్యలేదు."

"నాను కొలత తియ్యకుండా గుడ్డ కత్తిరించీసి, సరిపోతాదిలే అంటే ఎవులైనా ఊరుకుంటారా బాబాయిగారూ?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని అనిపించింది. "మిసన్లోడికి మాటిచ్చేసేను. వొదినకి సెప్పీసేను" అంటూ గోడకు ఆనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని టేపు చివరతోనే తుడుచుకుంది.

ఆ డయల్ ఎందుకు మార్చామో అప్పుడు చెప్పాను. ఆమెను ఓదార్చడానికి కాదు. మూత లోపల సున్నా చూసిన క్షణం నుంచీ ఆ రోజు నాకు గుర్తుకొస్తూనే ఉంది.

వానాకాలం. హెడ్మాస్టరు గారు గొడుగు ముడిచి కొట్టు మెట్టెక్కాడు. చంకలో ఆరేళ్ల పిల్ల. వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. డయల్ మీద గోధుమరంగు మచ్చలు, అంకెలు సగం చెరిగిపోయాయి. "అమ్మాయికి టైము చూడ్డం నేర్పుతున్నానండి. దీంట్లో ఏడేదో తొమ్మిదేదో కనబడ్డం లేదంటోంది" అన్నాడు. మేనమామ ఇచ్చిన పాత వాచీ కదా, దాన్ని అలాగే ఉంచి పిల్లకు వేరే చిన్న గడియారం కొనండి అని ఆ పూట నాకెందుకో మంచి బుద్ధి పుట్టి అన్నాను కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నా చేతికున్నదాంట్లో చూసి చెబితేనే నేర్చుకుంటుందట. నల్లటి అంకెలు వేయించండి. దూరం నుంచి కూడా కనబడాలి" అన్నాడు. ఇంకేముంది, నేనూ ఉత్సాహపడి మద్రాసు పంపాను. రంగు వచ్చాక పిల్లను ఎత్తుకునే మళ్లీ వచ్చాడు. బల్ల మీదున్న వాచీ చూసి, ఆ పిల్ల కొట్టంతా వినపడేలా టైము చెప్పింది. అది తప్పు టైము. ఆయన దిద్దలేదు, నవ్వాడు.

ఆమె నేల వైపు చూస్తూ వింది.

"మీ కొట్టుకొచ్చినట్టు నాకు గేపకం లేదండి" అంది చివరికి. "కానీ వాచీలో నేర్సుకోడం గేపకం. నాన్న కుర్చీలో కూకుని సెయ్యి సాపీవోరు. పెద్దముల్లు ఎక్కడ, సిన్నముల్లు ఎక్కడ అని అడిగీవోరు. తప్పు సెప్తే మళ్లీ సాయంత్రం అడిగీవోరు."

ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. "ఇప్పుడు సెప్పండి. నాయంగా ఎంత?"

"ఈసారి మూత తీసే సెప్తన్నాను. లోపల యంత్రం అసలుది, ఒక్క చక్రం మారలేదు. రెండు బటన్లూ పనిచేస్తన్నాయి. కేసుకి ఎవరూ మెరుగెట్టలేదు. నలభై అయిదు నుంచి యాభై అయిదు వేలు. అంతకి మించి సెప్తే అది మోసం. అంతకి తగ్గితే నువ్వు మోసపోయినట్టు."

సరేనని తలూపి, నాకంటే ముందే అరుగెక్కింది. నేను నోరు తెరిచేలోపే కొనే ఆయనతో ఆమే చెప్పేసింది.

"సార్, డయల్ కంపెనీది కాదండి. నాను సిన్నప్పుడు టైము నేర్సుకోడానికి మా నాన్న అంకెలు కొత్తగా వేయించేరట. ఈ బాబాయిగారే వేయించేరు. మొన్న మేం సెప్పింది తప్పు. సరైన రేటు మాటాడుకుందాం."

ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను. కొంతసేపు వాచీ వైపే చూసి, "నలభై" అన్నాడు.

అప్పుడు మా జతగాడు రంగంలోకి దిగాడు. పొద్దుటినుంచీ నోరు మూసుకోమన్న మనిషి, ఇప్పుడు అతని నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు. "బాబూ, ఆ పై బటన్ నొక్కండి. నొక్కేరా? సూడండి ముల్లు ఎలగ పరిగెడతన్నాదో. ఇప్పుడు కింది బటన్. ఎనక్కొచ్చీసింది కదా సున్నాకి. ఎక్కడైనా తడబడ్డాదా? ముప్పయ్యేళ్లు నా ఎదురుగా కూకున్న ఈయన సెయ్యి పడ్డ వాచీ ఇది. గోడ గడియారాలోణ్ణి నానే ఒప్పుకుంటన్నాను, మీరు ఒప్పుకోరేటి?" వాచీ దగ్గరికి ఆయన్ని లాక్కెళ్లినంత పని చేశాడు. నేను మూత వెనక ఉన్న గుర్తులన్నీ ఒక్కొక్కటే ఆయనకు చదివి వినిపించాను. నాదేదో, దానికి అర్థమేమిటో, మిగతావి ఏ పనివై ఉంటాయో, నాకు తెలిసినంతవరకు. మా గుర్తులు బయటి మనిషికి చదివి చెప్పడం నా జీవితంలో అదే మొదలు.

ఆయన బటన్లు రెండు మూడుసార్లు నొక్కి చూశాడు. "ఇన్ని వాచీలు కొన్నాను గానీ, తన వస్తువులో లోపం తనే చెప్పిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు ఆమెతో. "డయల్ సంగతి చెప్పారు కాబట్టి మిగతావన్నీ అసలువే అన్న మాట కూడా నమ్ముతున్నాను. యాభై అయిదు. ఈ గుర్తుల అర్థం ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి."

రాసిచ్చాను. ఈ వాచీ డయల్‌కు రంగు వేయించినవాణ్ణి నేనే అని అక్షరాలా రాశాను. ఆమె ఫోన్‌కు డబ్బు వచ్చినట్టు మోగింది. వాచీ ఆయన గుడ్డలోకి వెళ్తుంటే, అమ్మడం ఇష్టమేనా అని ఆమెను ఒకసారి అడిగాను. ఇంకా ఆలోచించుకోవచ్చన్నాను.

"ఎందుకండి? నాన్న నేర్పింది నాకొచ్చీసింది కదా. వాచీని ఆయన్ని పట్టుకెళ్లనీండి" అంది.

తర్వాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. అక్కడి నుంచే మిషన్ల కొట్టువాడికి ఫోన్ చేసి, రెండు కాదు ఒకటే అని చెప్పింది. వాడు గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. స్కూలువాళ్ల దగ్గర సగం బట్టలే తీసుకుని, జూన్‌కు రెండు రోజుల ముందే ఇచ్చేసింది. మరుసటి ఏడాది మొత్తం పని ఆమెకే వచ్చింది. ఇప్పుడు ఆమె దగ్గర రెండు కరెంటు మిషన్లున్నాయి, రెండో దాని మీద వదిన కూర్చుంటుంది. ఆ వదిన తల్లి జాకెట్లు కూడా అక్కడే కుట్టించుకుంటోందని మా జతగాడు ఎక్కడో విని వచ్చి, ఆ వార్త నాకు మూడుసార్లు చెప్పాడు.

ఆ ఆదివారం కారు వెళ్లిపోయాక మేం ముగ్గురం మిగిలాం. ఆమె బ్యాగు సర్దుకుంటోంది. నాకు మనసు ఊరుకోలేదు.

"అమ్మా, లక్షా పదికి పోవాల్సిన వాచీ నా మూలంగా సగానికి పోయింది. అంతా ఇచ్చుకోలేను. ఆ రంగుకి మీ నాన్నగారి కాడ పుచ్చుకున్న డబ్బు ఉంది చూడు, అదైనా ఇచ్చీనీ" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ అదే మొదటి నవ్వు.

"ఎంత పుచ్చుకునుంటారేటండి? మా నాన్న సంగతి నాకు తెల్దా. సంతలో వంకాయలకి అరగంట బేరవాడీవోరు. అన్నయ్య పెళ్లిలో బ్యాండోల్లతో బేరవాడీసి, ఆల్లు అలిగి ఎల్లిపోతే మళ్లీ తీసుకొచ్చేం. మీ కాడ ఆడకుండా ఉంటారా? సగానికి సగం కోసీసుంటారు."

ఆయన బేరాల సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ రోజు ఆయన మెట్టెక్కగానే నేను కూడా అదే అనుకున్నాను. ఎలాగూ తగ్గిస్తాడని రేటుకు పైన కొంత కలిపి, నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ అవకాశం నాకు రానే లేదు.

"లేదమ్మా. ఎంతవుతాదని కూడా అడగలేదు" అన్నాను.

ఆమె చేతిలో బ్యాగు జిప్పు సగంలో ఆగింది.

"అస్సలు అడగలేదా?"

"అడగలేదు. నిన్ను కిందికి దించి, జేబులో ఉన్నది తీసి బల్ల మీద ఎట్టీసేరు. సాలకపోతే మళ్లీ తెస్తానన్నారు."

జతగాడు మా ఇద్దరి వైపు చూసి, చేతిలో ఉన్న బెల్టు కింద పెట్టేశాడు. ఆమె జిప్పు పూర్తిగా లాగి, ఎర్రబడ్డ కళ్లతోనే నవ్వింది.

"అయితే సాల్లెండి బాబాయిగారూ" అంది. "నాకెంతిచ్చేరో తెలిసింది."

మిషన్ల కొట్టు ఆదివారం మధ్యాహ్నానికే కట్టేస్తారని, బేగి వెళ్లాలని చెప్పి అరుగు దిగింది.